సొంత మెస్సులో కస్టమరు

మా గోపీకృష్ణకి గరిట చేతికొస్తే లోకం తెలీదు. సివిల్స్ చదవడానికి ఢిల్లీలోని బేర్ సరాయ్ వచ్చి, రూములో నలుగురికీ వండిపెట్టేవాడు. పరీక్ష రాసే వయసు దాటిపోయాక గుమాస్తా ఉద్యోగమొకటి వచ్చినా వద్దనుకుని, పుస్తకాల షాపు పై అంతస్తులో తెలుగు మెస్సు పెట్టాడు. నేను, రాజేశ్వరమ్మని, అక్కడ జీతానికి కూరలు వండుతాను. పప్పు, చారు మాత్రం నన్ను ముట్టనివ్వడు, మహానుభావుడు!

ఒక్కటే తిక్క. ఊళ్ళో ఇంకా చదువుతున్నాననే చెప్పుకుంటాడు. "ఎన్నాళ్ళురా ఈ అబద్ధం?" అని నేను తిట్టని రోజు లేదు. చదువుతున్నాడంటే పదేళ్ళు ఖాళీగా కూర్చున్నా గౌరవమేనట, మెస్సు నడుపుతున్నాడంటే పరువు పోతుందట. ఇదెక్కడి చోద్యమమ్మా!

మొన్న వాళ్ళ నాన్న రామమూర్తిగారు, పెదనాన్నగారు హరిద్వార్ వెళ్తూ ఢిల్లీలో దిగారు. "ఇవాళ చెప్పేస్తాను పిన్నీ. ఇక్కడే భోజనం పెట్టి, తిన్నాక ఇది నాదే అంటాను" అన్నాడు గోపి. నేనూ సంబరపడ్డాను. పొద్దున్నే లేచి దోసకాయ పప్పు, ఉలవచారు తనే చేశాడు.

తీరా ముగ్గురూ భోజనానికి కూర్చున్నాక పెదనాన్నగారు చుట్టూ చూసి, "ఢిల్లీ దాకా వచ్చి పూటకూళ్ళ కొట్టు పెట్టుకోవడం కూడా ఒక బతుకేనా! మనవాడు రేపు కలెక్టరైతే..." అని మొదలెట్టారు. గోపి నావైపు తిరిగి, "ఆంటీ, కాస్త నెయ్యి వేస్తారా?" అన్నాడు. ఆంటీనట! రోజూ పిన్నీ అని పిలిచే నన్ను! ఒళ్ళు మండింది. పోనీలే పాపం అని వేశాను.

అంతలో పక్క బల్ల దగ్గర భోంచేస్తున్న హాసిని, రోజూ వచ్చే సివిల్స్ పిల్ల, "గోపీ అన్నా, పెరుగు!" అని కేకేసింది. వీడు తలెత్తలేదు. "గోపీ అన్నా, నిన్నే!" అంది మళ్ళీ. చెవుల దాకా ఎర్రబడిపోయి, కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు. నేనే పరిగెత్తి పెరుగు వేశాను. ఆ పిల్ల బిత్తరపోయి చూస్తుంటే నాకు చచ్చేంత సిగ్గేసింది, నేనేదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు.

రామమూర్తిగారు మాత్రం కొడుకునే చూస్తూ, పప్పు మళ్ళీ అడిగి వేయించుకున్నారు.

పెదనాన్నగారు చెయ్యి కడుక్కోవడానికి బయటి కుళాయి దగ్గరికి వెళ్ళగానే ఆయన ముందుకు వంగారు. "ఇది నీదే కదరా?"

గోపి తలూపాడు. కళ్ళనిండా నీళ్ళు.

"అద్భుతంగా వండావు. మీ అమ్మ కూడా ఇలా చెయ్యలేదు."

వాడి మొహం ఎంతలా వెలిగిపోయిందో! నాకూ ఏడుపొచ్చేసింది.

"పెదనాన్నకి మాత్రం చెప్పకు" అన్నారాయన, తలుపు వైపు చూస్తూ, గొంతు తగ్గించి. "ఊళ్ళో నలుగురిలో తలెత్తుకోలేనురా. ఇంకా చదువుతున్నావనే అందాం."

"సరే నాన్నా" అన్నాడు గోపి. ఇంకేమంటాడు? ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

పెదనాన్నగారు తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏరా, ఈసారైనా గట్టెక్కుతావా?" అనడిగారు.

"బాగా చదువుతున్నాడన్నయ్యా" అన్నారు రామమూర్తిగారు. కొడుకు వండిన పప్పు ఇంకా ఆయన చేతికి అంటుకునే ఉంది.