జరగని ప్రమాదాల జాన్‌బాబు

జాన్‌బాబుకి ఒకే ఒక్క అలవాటు: జరగని ప్రమాదాల గురించి ముందుగానే ఫోన్ చేసి చెప్పడం. చెప్పులు కొనేముందు మనం తొడుక్కుని నాలుగడుగులు వేస్తాం. అతను మాత్రం ఏ వస్తువు కొనాలన్నా, అది పాడైపోయిందని ఆ కంపెనీకి ఫోన్ చేస్తాడు. కొనకముందే.

ఫ్రిజ్ కొనేటప్పుడు ఇలాగే జరిగింది.

"ఫ్రిజ్ సల్లబడ్డం నేదండీ," అన్నాడు ఫోన్లో.

"ఏ మోడల్ సార్?"

"ఇంకా కొననేదు."

"మరి పాడైందన్నారు?"

"కొన్నాక పాడవదేటి?"

గ్యాస్ స్టవ్ విషయంలో ఇంకా ఘోరం. అవతలివాళ్ళు ఏ ప్రశ్నా అడగకుండా మెకానిక్‌ని పంపించేశారు. జోరువానలో తడిసి ముద్దై వచ్చిన ఆ మనిషికి జాన్‌బాబు తువ్వాలిచ్చి, కాఫీ ఇచ్చి, "స్టవ్ ఇంకా కొట్లోనే ఉంది బాబూ. పిలిస్తే ఎంతసేపట్లో వత్తారో సూద్దామని," అన్నాడు. అతని భార్య కృపావతి ఆ మెకానిక్‌కి టిఫిన్ కూడా పెట్టి పంపింది. ఆ స్టవ్వే కొన్నారు.

ఇది అతని తప్పు కాదు, ఉద్యోగం అలాంటిది. జాన్‌బాబు పోర్టులో సేఫ్టీ సెక్షన్‌లో పనిచేస్తాడు. క్రేను గొలుసు తెగితే ఏమవుతుంది, కంటైనర్ జారితే ఎవరి మీద పడుతుంది అని ముందే ఊహించడం అక్కడ అతని డ్యూటీ. సాయంత్రం అతను డ్యూటీ దిగుతాడు గానీ, ఊహ దిగదు. పెళ్ళిచూపుల్లో కూడా కృపావతిని అతను అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో మంటలు లేస్తే నువ్వు ఏ గుమ్మంలోంచి బయటికొత్తావు?" అనేనట. వీధి గుమ్మంలోంచి అందట ఆవిడ. "ఆ గుమ్మానికే అంటుకుంటే?" అన్నాడట. పెళ్ళి ఎలా కుదిరిందో ఇద్దరూ ఇప్పటిదాకా చెప్పలేదు.

పెందుర్తిలో మా ఇళ్ళకి ఒకటే గోడ. నా పేరు పోలిరాజు, స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తాను. జాన్‌బాబుకీ నాకూ చుట్టరికం లేదు గానీ, మొదటి రోజు నుంచీ బావా అంటే బావా అనుకుంటున్నాం.

మా అమ్మాయి నిఖితకి రుషికొండలో ఉద్యోగం వచ్చింది. రోజూ రెండు బస్సులు మారలేకపోతోందని ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. కొన్నరోజు నుంచి నాకు అన్నం సయించడం మానేసింది. లారీలూ ఆటోలూ ఉండే ఆ దారిలో, మొన్నమొన్న డ్రైవింగ్ నేర్చుకున్న పిల్ల ఒక్కతే వెళ్ళాలి. పైగా ఆ కారు ఇన్సూరెన్సు శనివారంతో ముగిసిపోతుంది. ఏ కంపెనీలో కట్టాలో తెలియదు. ఫోన్ తెరిస్తే కంపెనీలన్నీ తలో రేటుతో వరసగా నిలబడ్డాయి. అన్నిటికన్నా తక్కువ ఉన్నదాన్ని పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాను.

"బావా, ఇదే చవక. కట్టీమంటావా?"

"ఆగాగు. సవకెందుకైందో సూశావేటి?"

"చవకైతే మంచిదే కదా!"

"నీ కారు విలువ ఎంతని రాశాడో సూడు. బాగా కోసీసాడు. రేపు కారు పోతే ఆడిచ్చే డబ్బులకి స్కూటర్ వత్తాది."

"కారెందుకు పోతాది బావా?"

"పోకపోతే ఇన్సూరెన్సెందుకు బావా?"

వాళ్ళింట్లోకి వెళ్ళాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అతను కళ్ళజోడు పెట్టుకుని నా ఫోన్ తీసుకున్నాడు. ముందు కారు విలువ సరిగ్గా పెట్టాడు. తాళం పోతే డబ్బిచ్చే అదనపు కవరు అక్కర్లేదని కొట్టేశాడు. "రెండో తాళం మా ఇంట్లో పెట్టు. ఫ్రీ." టైర్ల కవరూ కొట్టేశాడు. సామాన్ల కవరూ కొట్టేశాడు. రిపేరులో మొదట కొంత నేనే పెట్టుకుంటానని ఒప్పుకుంటే ప్రీమియం తగ్గుతుందని ఉంది. నేను ఆశగా చూశాను.

"అది వద్దు," అన్నాడు. "కొత్త సెయ్యి. పాపకి తగిలితే సిన్న సిన్న దెబ్బలే తగుల్తాయి. అవన్నీ నీ నెత్తినే పడతాయి. బంపర్‌కీ ప్లాస్టిక్ ముక్కలకీ అరుగుదల కింద కొయ్యకుండా పూర్తిగా ఇచ్చే కవరుంది సూడు, అదొక్కటీ ఉంచు."

అంతా అయ్యాక చూస్తే రేటు బాగా తగ్గింది. నా ప్రాణం లేచి వచ్చింది. "మరి కట్టీమంటావా?"

"అప్పుడేనా? కంపెనీలకి పరీచ్చ పెట్టొద్దూ?" అని తన ఫోన్ తీశాడు జాన్‌బాబు.

మొదటి కంపెనీకి నా ఎదుటే, స్పీకర్ పెట్టి మరీ చేశాడు.

"అమ్మా, కారు గుద్దీసింది. కాళ్ళూ సేతులూ ఒణుకుతన్నాయి."

"పాలసీ నంబర్ చెప్పండి సార్."

"నంబర్ నేదమ్మా."

"నంబర్ లేకుండా కంప్లైంట్ తీసుకోలేం సార్. పోనీ, ప్రమాదం ఎక్కడ జరిగింది?"

జాన్‌బాబు సూటిగా అడిగితే అబద్ధమాడలేడు. "ఇంకా జరగనేదమ్మా," అన్నాడు.

"ఎప్పుడు జరుగుతుంది సార్?"

"అది తెలిస్తే ఆ రోజు బండి తియ్యం కదమ్మా."

ఫోన్ పెట్టేశారు. జాన్‌బాబు నొచ్చుకోలేదు. తల ఊపి రెండో కంపెనీకి చేశాడు. అక్కడ మనిషే దొరకలేదు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పి, ఒక వాయిద్యం వినిపించడం మొదలుపెట్టారు. ఫోన్ చెవికి ఆనించుకుని అతను ఇల్లంతా తిరుగుతున్నాడు. వంటింట్లోంచి కృపావతి తొంగి చూసింది. "ఏటండీ, కొత్త కీర్తన నేర్సుకుంటన్నారా?"

వారమంతా ఇదే తంతు. పరీక్షలో తప్పిన కంపెనీ సేల్స్‌వాళ్ళు ఊరుకుంటారా? నంబరు దొరికింది కదా, వాళ్ళు తిరిగి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన జరుగుతుండగా జాన్‌బాబు ఫోన్ మోగింది. కంగారులో నొక్కకూడనిది నొక్కాడు. "సార్, గుద్దేసిన మీ కారు బాగైందా? మా దగ్గర మంచి ఆఫరుంది," అని చర్చి అంతటికీ వినిపించింది. పాస్టరుగారు వెంటనే ప్రమాదంలో ఉన్న సహోదరుడి కోసం అందర్నీ మోకరించమన్నారు. సాయంత్రానికి బత్తాయిలూ బ్రెడ్డు పొట్లాలూ పట్టుకుని జనం అతని ఇంటికి వచ్చేశారు. కారే లేని మనిషికి కారు ప్రమాదం ఎలా జరిగిందని ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆ జనంలోంచి దారి చేసుకుని నేను వెళ్ళాను. అప్పటికి నాకు నవ్వొచ్చే పరిస్థితి లేదు.

"బావా, గడువు రేపే! దాటిపోతే మళ్ళీ బండి తనిఖీ అంటారు. సోమవారం పిల్ల డ్యూటీకి ఎలా ఎల్తాది?"

"దొరికింది బావా," అన్నాడు బత్తాయి ఒలుస్తూ. "ఇదిగో, ఈ కంపెనీ."

రేటు చూసి నా కడుపు మండింది. కవర్లు కొట్టేసి మిగిల్చిందంతా ఆ కంపెనీ ఒక్కదెబ్బకి మింగేసింది.

"ఇదేటి బావా? మిగతా వాటికన్నా ఎక్కువుంది!"

"గోపాలపట్నంలో కార్ల షెడ్డువాళ్ళని అడిగాను. డబ్బులు ఎగ్గొట్టరట. ఆ మాట నాలుగు కంపెనీల గురించి సెప్పారు గానీ, ఈ కంపెనీవోళ్ళు ఫోన్లో బాగా మాట్లాడతారు."

"నాను కొంటన్నది పాలసీయా, మాటలా?"

"నా మాటిను బావా. ఇదే కట్టు."

కోపంతోనే కట్టాను. గోడ అవతల నుంచి అతను పలకరించినా కొన్నాళ్ళు ముక్తసరిగా జవాబిచ్చాను. నిఖిత కారు తీసిన ప్రతి ఉదయం, అది వీధి మలుపు తిరిగేదాకా ఇటు నేనూ అటు అతనూ గుమ్మాల్లో నిలబడి ఉండేవాళ్ళం, ఒకరినొకరు చూడనట్టు.

వానాకాలం మొదలైంది. ఒక ఉదయం ప్లాంట్‌లో మిల్లు లోపల పనిలో ఉన్నాను. మా దగ్గర లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. టీ కోసం బయటికి వచ్చి లాకర్‌లోంచి ఫోన్ తీస్తే, తెర నిండా నిఖిత పేరే. వెంటనే తిరిగి చేశాను.

"నాన్నా, కంగారు పడకు. నాకేం కాలేదు," అంది. అడవివరం దగ్గర ముందు వెళ్తున్న ఆటో ఉన్నట్టుండి ఆగిందట. తప్పించబోయి డివైడర్‌ని గుద్దేసింది. "జాన్‌బాబు అంకుల్ వచ్చారు. ఇక్కడే ఉన్నారు."

బైకు ఎలా నడిపానో నాకు గుర్తులేదు. వెళ్ళేసరికి కారు రోడ్డు పక్కన ఉంది. బంపర్ చీలిపోయి, ఒక లైటు పగిలి ఉంది. కంపెనీ మనిషి ఒకతను ఫోటోలు తీసుకుంటున్నాడు. టీకొట్టు బల్ల మీద నిఖిత కూర్చుని ఉంది. ఆమె తలమీద గొడుగు పట్టి జాన్‌బాబు నిలబడి ఉన్నాడు. గొడుగంతా పిల్లకే పట్టడంతో అతను పూర్తిగా తడిసిపోయాడు.

పిల్లని తల నుంచి కాలి దాకా తడిమి చూసుకున్నాను. ఒక్క గీత లేదు.

"నువ్వు ఫోన్ ఎత్తలేదు నాన్నా. అంకుల్‌కి మెసేజ్ పెట్టి, కారు అద్దం మీద అంటించిన కంపెనీ నంబరుకి చేశాను," అంది. "నాకు ఏడుపొచ్చి మాట రావట్లేదు. అవతలి అమ్మాయి పాలసీ నంబరు అడగనే లేదు. 'ముందు మీకు దెబ్బలేం తగల్లేదు కదమ్మా? రోడ్డు మీద నుంచి పక్కకి రండి. కూర్చున్నారా? నేను లైన్లోనే ఉంటాను, భయపడకండి,' అంది. అంకుల్ వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది."

నేను జాన్‌బాబు వైపు తిరిగాను. అతను గొడుగు కర్ర వైపు చూస్తున్నాడు.

"బావా, ఇందుకేనా?"

"అందరికీ ఒకే మాట సెప్పాను బావా. కారు గుద్దీసింది, ఒణుకొత్తంది అని. అందరూ ముందు నంబరడిగారు. ఆళ్ళ పని ఆళ్ళది, తప్పనను. ఈ కంపెనీలో మాత్రం మనిషి ఎలాగున్నారని అడిగారు. ఆ ఎత్తినోళ్ళొక్కరే మంచోళ్ళేమోనని, రెండోరోజు మళ్ళీ సేశాను. ఆ రోజు ఎత్తినాయనా అదే అడిగాడు." గొడుగు పిల్ల వైపు ఇంకాస్త వంచి అన్నాడు. "ఆ రోజంటూ వత్తే ఫోన్ సేసేది నువ్వూ కాదు, నానూ కాదు కదా. పాప. ఒక్కత్తీ."

అతని చేతిలోంచి గొడుగు తీసుకుని అతని తల మీద పట్టాను.

కంపెనీ మనిషి వచ్చి, బంపర్ కట్టేశాననీ, బండి నడుస్తుందనీ, నెమ్మదిగా గోపాలపట్నం షెడ్డుకి తీసుకెళ్ళమనీ చెప్పాడు. నిఖిత తాళం నా చేతిలో పెట్టేసింది.

"నేనింక నడపను నాన్నా. ఎప్పుడూ నడపను."

"సరేలే, నాను తీసుకెల్తాను," అన్నాను.

జాన్‌బాబు ఆ తాళం నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ పిల్లకే ఇచ్చాడు. "నువ్వు బైకు మీద ఎనకాల రా బావా." తరవాత, ఎవరి కారెక్కినా డ్రైవర్ వెనక సీట్లో తప్ప కూర్చోని ఆ మనిషి, ముందు తలుపు తీసుకుని నిఖిత పక్కన కూర్చున్నాడు. బెల్టు పెట్టుకుని, సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకున్నాడు. "పద పాపా. నాకేటీ భయం నేదు," అన్నాడు. అతని మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

కారు కదిలింది. సింహాచలం దాటేదాకా నత్తలా పాకింది, తరవాత కొంచెం కుదురుకుంది. గోపాలపట్నం షెడ్డు ముందు నిఖిత బండిని ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పి, రెండు లారీల మధ్య పెట్టింది. నేను బైకు ఆపి కిటికీ దగ్గరికి వెళ్ళాను. జాన్‌బాబు పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"అంకుల్, వచ్చేశాం. కళ్ళు తెరవండి."

"భయంతో మూసుకోనేదమ్మా. ప్రార్థన సేత్తన్నాను."

"అడవివరం నుంచీనా?"

"నీ గురించి కాదు పాపా," అన్నాడు ఒక కన్ను తెరిచి. "ఎదురొచ్చేవాళ్ళ కోసం."

నిఖిత స్టీరింగు మీద తల ఆనించి, ఆ రోజు మొదటిసారి, షెడ్డులో వాళ్ళంతా తిరిగి చూసేలా నవ్వింది.