శూలను దాటిన కంబళ్లు

ఆ రోజుల్లో పల్లెల్లో పేదరికానికి కారణం మూఢనమ్మకం ఒక్కటేనని అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పేవాణ్ణి. యాభైల నాటి మాట. గ్రామసేవక్ ఉద్యోగం కొత్తగా వచ్చి కర్నూలు జిల్లా పడమట ఒక పల్లెలో పడ్డాను. అక్కడ ఇరవై ఇళ్లవాళ్లు గొర్రెబొచ్చుతో కంబళ్లు నేసేవాళ్లు. పక్క ఊరి సంత తప్ప వేరే బేరం తెలియదు. (ఆ సంతకొచ్చే వాళ్లలో సగంమంది కంబళ్లు నేసేవాళ్లే!) వానలు లేని ఏడాది రాళ్లు కొట్టే పనికి వలసపోయేవాళ్లు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి కడపలో ఒక వర్తకుణ్ణి ఒప్పించాను. అతను గురువారం సాయంత్రం మద్రాసు రైలెక్కేలోగా సరుకు చూపించాలి. నచ్చితే నెలనెలా కొంటాడు. ఇక ఆడవాళ్లకు ఉన్ని వడికే పని, మగవాళ్లకు మగ్గం పని, ఎవరూ ఊరు విడవక్కర్లేదు.

గురువారం పొద్దున మూటలతో రోడ్డు మీద నిలబడ్డాం. రోజుకు ఒకటే బస్సు. అప్పుడు నేతగాళ్ల పెద్దాయన రోడ్డు పక్క గుడిసెలోంచి ఒక కంబళి తెచ్చి మూటలో కలిపాడు. ఇదేమిటన్నాను. "గురువారం దక్షిణానికి శూల గదప్పా, ఆ దిక్కుకు పయనం కట్టగూడదు. అందుకే నిన్ననే ఒకటి తెచ్చి ఈడ పెట్టినాం. పయనం నిన్ననే మొదలైనట్టు. ఇంగ దోసం లేదు" అన్నాడు తృప్తిగా. (అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది.) నాకు ఒళ్లు మండింది. ఆ కంబళి ఇంటికి తిరిగి పోతేగానీ కదలనివ్వనని మూటల మీద కూర్చుని, భూమి గుండ్రంగా ఉంటుందనే దగ్గర మొదలుపెట్టాను. బస్సు వచ్చింది. కాస్త ఆగమని కండక్టరుకు చెయ్యి ఊపాను. అతను కాసేపు విని, "మీరు తేల్చుకోండప్పా, రేపొస్తా" అని ఈల ఊదాడు.

దుమ్ము అణిగాక, ఉన్ని వడికే అవ్వ నన్ను తేరిపార చూసింది. "సామీ, శూలను మేము నిన్ననే దాటినాం. నిన్ను దాటేదెట్లనో తెలీలా."

మర్నాడు పోతే వర్తకుడు లేడు. ఆ ఎండాకాలం తొమ్మిది ఇళ్లకు తాళాలు పడ్డాయి. వాదనలో మాత్రం నేనే గెలిచాను. వర్తకుడు మళ్లీ కడపకు వచ్చినప్పుడు, నేను సెలవు మీద మా ఊరికి పోయిన సందు చూసి పెద్దాయన మూటలు చేరవేశాడు. తిరిగొచ్చేసరికి తాళాలు తీసి ఉన్నాయి, వీధంతా మగ్గాల చప్పుడు. "అప్పుడే వస్తివా? ఇంకో పది దినాలు ఆడనే ఉండకపోతివా" అంది అవ్వ, వడకడం ఆపకుండానే.

శూల వట్టిదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పాతికేళ్ల కుర్రవాడు ఎదురైతే, ముందు బస్సెక్కరా నాయనా, దారిపొడవునా వాదించుకోవచ్చు అని చెప్పాలని ఉంటుంది. వింటాడా! నన్నూ ఆ రోడ్డు పక్కన నిలబెట్టి, భూమి గుండ్రంగా ఉంటుందనే దగ్గర మొదలుపెడతాడు.