మారెక్క చూసిన సముద్రం

వేరుశనగ వరసగా ఎండిపోయాక మారెక్క అండమాన్ యాత్రల వెంట వంటమనిషిగా పోతోంది. వజ్రకరూరు దగ్గరి తన ఊళ్లో బస్సు దిగిన పూటే, వాచిన కాళ్లతో, పొగకు ఎర్రబడిన కళ్లతో, బిందె పట్టుకుని నీళ్ల ట్యాంకరు కోసం వరుసలో నిలబడుతుంది. ఈసారి పక్కింటి గంగాదేవి అడిగింది. "సముద్రం ఎట్లుండాదక్కా?"

"నేను యాడ చూసినా గంగా? అందరూ పడవెక్కి పోయినంక ఒక్కతూరి ఒడ్డుకు పోయినా. చల్లగాలికి కూచున్నచోటే నిద్రపోయినా. లేచేసరికి మళ్లీ వంటకు యాళయ్యింది. ఆ నీళ్లు చూసేకి జనం వస్తాండారని ఆ దీవిలో ఇంటింటికీ లాడ్జి లేచినాది, అందరికీ పనుండాది. మన ఊరికి ఎవురొస్తారు చెప్పు?"

గంగాదేవి మారెక్క చేతిలోని బిందె తీసుకుని, "నువ్వు పోయి అరుగు మీద కూచో అక్కా, నీళ్లు నేను తెస్తా" అంది. మారెక్క కాదనలేదు. ట్యాంకరు వచ్చేలోపే గోడకు ఆనుకుని నిద్రపోయింది.