కార్వెట్ చరిత్రలో అమ్మ

మొన్న శనివారం మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో ఒకాయన తన చిన్న పడవకి అతుకు వేస్తున్నాడు. పగులు మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, కుంచెతో రెజిన్ పూస్తుంటే, ముక్కుపుటాల్ని మండిస్తూనే ఎక్కడో తియ్యగా తగిలే ఆ జిగురు వాసన, కూరగాయల సంచులతో వస్తున్న నన్ను ఉన్నచోటే నిలబెట్టేసింది. ఎంతసేపు పడుతుందని అడిగాను. ఒక్క మధ్యాహ్నం చాలన్నాడు. మా నాన్న గరాజ్‌లో అలాంటి డబ్బా ఒకటి, లోపలి రెజిన్ గడ్డకట్టి రాయైపోయాక కూడా, తొమ్మిదేళ్లు అరమీద కూర్చుంది.

మేమప్పుడు జార్జియాలో, కమ్మింగ్‌లో ఉండేవాళ్లం. వసంతం వచ్చిందంటే పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీద, మెయిల్ బాక్సుల మీద, ఆరేసిన అమ్మ చీరల మీద పసుపు చల్లినట్టు పడేది. ఎండాకాలం సాయంత్రాలు పిల్లలమంతా వీధి చివర గుండ్రటి మలుపులో సైకిళ్లు తొక్కి, చెమటతో, దోమకాట్లతో ఇల్లు చేరేవాళ్లం. శనివారాలైతే ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో పార్టీ, కాగితం ప్లేట్లలో పులిహోర, గారెలు, అల్యూమినియం ట్రేల నిండా బిర్యానీ, ఒక మూల అంకుల్స్ వీసా గోల, ఇంకో మూల మా పిల్లల కేకలు. ఊరంటే అదే. బస్సు లేదు, నడిచే దారి లేదు, పాల డబ్బాకైనా కారే దిక్కు. కారు నడపడం రానివాళ్లకి అంత చక్కని ఇల్లూ జైలే.

అమ్మకి రాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఆ వేసవిలో, పొయ్యి పక్కన పుస్తకం పెట్టుకుని, పోపు వేగేలోపు రోడ్డు గుర్తులు వల్లించి, పరీక్ష రాసి లెర్నర్ పర్మిట్ తెచ్చుకుంది. దసరా వెళ్లగానే నేర్పిస్తానన్నాడు నాన్న. సొంతంగా కొట్టుకి వెళ్లి, తనకి నచ్చిన వంకాయలు తనే ఏరుకోవాలని అమ్మ ఆశ. అంతకంటే పెద్ద కోరిక ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

నాన్న ఆశ వేరు. అప్పు చేసి, అమ్మతో మాటైనా అనకుండా, తనకంటే నాలుగైదేళ్లు మాత్రమే చిన్నదైన ఎర్ర కార్వెట్ స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. పొడుగాటి ముక్కు, సన్నటి నడుము, స్టార్ట్ చేస్తే వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. మిగతా పిల్లల చేత ఎక్కాలు, శ్లోకాలు చెప్పిస్తే, మా నాన్న ఇంటికొచ్చినవాళ్ల ముందు నా చేత దాని చరిత్ర చెప్పించేవాడు, ఇంగ్లీషులో, చేతులు కట్టుకుని. మొదటి ఏడాది చేసినవన్నీ తెల్లవే, లోపల ఎరుపు. చూపుకే దూకుడు, ఇంజన్‌లో దమ్ము లేదు. మూసేద్దామనుకునే వేళకి ఎనిమిది సిలిండర్ల ఇంజన్ పడి బతికి బట్టకట్టింది. ఒకే ఒక్క ఏడాది వెనక అద్దాన్ని మధ్యలో పట్టీ పెట్టి రెండుగా చేశారు. వెనక ఏమీ కనబడట్లేదని మరుసటి ఏటికే ఆపేశారు. పాత బండి అనుకుంటారేమోనని కొందరు ఆ పట్టీని కోయించుకున్నారు. ఇవాళ కొయ్యనిదే బంగారం. ఒక ఏడాదైతే అసలు అమ్మకానికే రాలేదు. చివర్లో నేను బేస్‌మెంట్ పక్కనే ఉన్న గరాజ్‌లోకి నడిచి, జేబులోంచి ఫ్రిజ్ అయస్కాంతం తీసి కారు తలుపుకి ఆనించి వదిలేసేదాన్ని. టక్కున కింద పడేది. ఒళ్లంతా ఫైబర్‌గ్లాసే, ఇనుము కాదు అని చెప్పగానే చప్పట్లు. ఆ వేళకి అమ్మ ప్రతిసారీ మరిగే నూనె ముందే ఉండేది. అది ఇనుము కాదని తెలుగులో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

దసరా నాడు డ్రైవ్‌వేలో వాహనపూజ. పది కుటుంబాలు వచ్చాయి. అమ్మ కారుకి పసుపు, కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ చేతిలోకి తీసుకుంది. అమ్మది తుని దగ్గర ఊరు, తాతయ్యకి లారీ ఉండేది. అక్కడ కాయని బంపర్ మీదే కొడతారు, ఎంత గట్టిగా కొడితే అంత శుభం. ఆవిడ చెయ్యి పైకెత్తడం చూశాను. నాకు తెలుసు. అంతమంది పెద్దవాళ్లలో ఎవరికీ తట్టకపోయినా, నెలకి నాలుగుసార్లు అప్పజెప్పే నాకు తెలుసు. “అమ్మా, ఆగు” అంటే సరిపోయేది. ఏమవుతుందో చూడాలనిపించింది, అంతే.

కాయ పగల్లేదు. కారు ముక్కు మీద అరచేయంత మేర పెచ్చు లేచి, చుట్టూ పగుళ్లు పాకాయి.

నాన్న అరవలేదు. అరిచినా బాగుండేది. అందరూ వినేలా మెల్లగా, “మీ నాన్న లారీ అనుకున్నావా?” అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. మర్నాడు రెజిన్ డబ్బా తెచ్చాడు, మూత కూడా తీశాడు, కాసేపు నిలబడి మళ్లీ మూసేశాడు. “ఉండనీ. నలుగురూ చూస్తారు” అన్నాడు. అమ్మ పర్మిట్ సంగతి ఎత్తితే, “కాయ కొట్టడం రానిదానికి కారెందుకే” అన్నాడు. అమ్మ ఇంకోసారి అడిగింది, ఆపైన మానేసింది. పర్మిట్ గడువు తీరిపోయింది.

నా పాఠానికి కొత్త చివరి వాక్యం చేరింది: “అండ్ దెన్ మై మామ్ బ్రోక్ ఇట్ విత్ ఎ కోకొనట్.” బేస్‌మెంట్ దద్దరిల్లేది. నవ్వు మరికాస్త రావాలని నేను చెయ్యి పైకెత్తి కొట్టినట్టు అభినయించేదాన్ని కూడా. సరిగ్గా అప్పుడే గారెల పళ్లెంతో మెట్లు దిగే అమ్మని నాన్న “ఇదిగో, ఈవిడే” అని చూపించేవాడు. మొదట్లో అమ్మ కూడా నవ్వేది. తర్వాత పళ్లెం పై మెట్టు మీద పెట్టి వెళ్లిపోయేది. పుండు మీద కారం చల్లింది నాన్న ఒక్కడే అంటే పచ్చి అబద్ధం. ఎనిమిదేళ్లకి తెలియలేదనుకుందాం, పదిహేనేళ్లకి నాకేం రోగం?

నేను కాలేజీకి వెళ్లిన ఏడాది నాన్న దాన్ని అమ్మేశాడు. కొన్నాయన వారంలోపే ముక్కు బాగుచేయించుకుని ఫొటో పంపాడు. ఇప్పుడొచ్చే కార్వెట్లలో ఇంజన్ డ్రైవర్ వీపు వెనక్కి వెళ్లిపోయింది, ఆ పొడుగాటి ముక్కే లేదు. కమ్మింగ్‌లో మేము సైకిళ్లు తొక్కిన మలుపు వెనక పైన్ చెట్లు కొట్టేసి ఇళ్లు కట్టారు. ఆ అంకుల్స్ సగంమంది వేరే ఊళ్లకి పోయారు, బేస్‌మెంట్ పార్టీలు పోయాయి, నా పాఠం విన్నవాళ్లకి అది గుర్తు కూడా ఉండకపోవచ్చు.

ఆ పడవని చూసిన సాయంత్రం కూరగాయలు కౌంటర్ మీదే వదిలేసి అమ్మకి ఫోన్ చేశాను. ఇన్నేళ్లకి చెప్పాను, ఆ రోజు నాకు తెలుసని, తెలిసే ఊరుకున్నానని.

“తెలుసులేవే” అంది అమ్మ. “నేను కొట్టకముందే నువ్వు రెండడుగులు ఎనక్కేసేవు.”

“మరి నాన్నకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నిన్ను కూడా ఆ పాఠంలో కలిపేసేవోరు.”

నేను ఏడుస్తున్నానని అమ్మకి తెలిసే ఉంటుంది. ఫోన్‌లో, అమ్మ ఇంటి బయట హారన్ వినపడింది. కొట్టుకి తీసుకెళ్లడానికి పక్కింటావిడ వచ్చిందని, ఆవిణ్ని ఎదురుచూడనిస్తే బాగుండదని, ఫోన్ పెట్టేసింది.