జమున చేతికొచ్చిన విమానం

సూరత్ నవాగామ్ గల్లీలో ఆ మోటార్ వైండింగ్ దుకాణం బోర్డు మీద ఉన్న పేరు దశరథంది. లోపల కూర్చుని రాగితీగ చుట్టేది మాత్రం అతని భార్య జమున. దశరథం చేతులు వణకడం మొదలై అప్పటికి మూడేళ్లు. డాక్టర్లు మందులిచ్చారు, వణుకు ఆగలేదు. అంతకుముందు అతని పక్కన కూర్చుని ఆమె పని చూసేది, తీగ అందించేది. తర్వాత అతను చూడటం మొదలుపెట్టాడు, ఆమె చెయ్యడం మొదలుపెట్టింది. గిరాకీతో మాట్లాడే పని మాత్రం అతను వదల్లేదు. వచ్చినవాళ్లు కూడా పని దశరథం చేస్తాడనే అనుకునేవాళ్లు. వాళ్ల భ్రమ పోగొట్టే ఓపిక జమునకు లేదు.

పెళ్లై సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు. ఇప్పుడు నలభై దాటాయి. మెడ నొప్పి, వేళ్ల చివర వార్నిష్ మరకలు, కళ్లు మూసుకున్నా తిరుగుతున్నట్టుండే తీగ. మగ్గాల ఫ్యాక్టరీలకు వారానికో రోజు, శుక్రవారం, కరెంటు సెలవు ఉండేది. కార్మికులు ఆ రోజు ఇంట్లో పడుకునేవాళ్లు. కాలిన మోటార్లన్నీ సరిగ్గా ఆ రోజే దుకాణానికి వచ్చేవి, మర్నాటికి కావాలని. అందువల్ల ఊరికి సెలవు ఉన్న రోజే జమునకు పని రెండింతలు.

తొంభై ఆరు చలికాలంలో ఒక గురువారం పొద్దున నటుభాయ్ వచ్చాడు. అమ్రోలిలో ఉంటాడు. బళ్లో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. అతని చేతిలో అట్టపెట్టె, పెట్టెలో తెల్లటి చిన్న విమానం ఉన్నాయి. రెక్కలు చాచితే నాలుగడుగులుంటుంది. ముక్కులో బ్యాటరీతో నడిచే మోటారు, దాని ముందు చిన్న పంఖా.

అప్పటిదాకా ఆ మోటారుకు ఒకటే స్విచ్ ఉండేదట. తిరిగితే పూర్తి వేగం, లేదంటే బంద్. ఇప్పుడు జర్మనీలో ఉన్న అతని మేనల్లుడు అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పంపాడు. అది పెడితే, విమానాన్ని నేల మీంచి నడిపించే రేడియో పెట్టె మీద పుల్లను జరిపినకొద్దీ మోటారు వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. నటుభాయ్ అది పెట్టబోయి అలసిపోయాడు. దాంతో వచ్చిన కాగితం జర్మన్‌లో ఉంది.

"అయిపోతది కాకా. ఆదివారం పొద్దుగాల రాండి," అన్నాడు దశరథం.

నటుభాయ్ వెళ్లాక జమున తల ఎత్తింది. "గదేందో నీకు ఎరుకనా?"

"మోటారే గదనే. మోటారు మోటారే."

"శుక్రారం పదకొండు మోటార్లొస్తయి. నన్నో మాట అడుగవా?"

దశరథం అట్టపెట్టెను ఆమె బల్ల కిందికి జరిపాడు.

శనివారం మధ్యాహ్నానికి గాని ఆమెకు చేయి ఖాళీ కాలేదు. లావు తీగలు రెండు బ్యాటరీకి, రెండు మోటారుకు, సన్నవి మూడు విమానంలో రేడియో మాట అందుకునే ముక్కకు పోవాలని రంగులు చూసి తెలుసుకుంది. కలిపింది. పుల్లను పూర్తిగా కిందికి లాగి బ్యాటరీ తగిలించింది. పంఖా గిర్రుమని పూర్తి వేగంతో తిరిగి ఆమె ఎడమ చేతి వేళ్ల కణుపుల మీద కోసేసింది.

బ్యాటరీ పీకేసింది. రక్తం బల్ల మీద చుక్కలుగా పడుతోంది. దశరథం గుడ్డపీలిక తెచ్చి కట్టబోయాడు. ముడి పడలేదు. రెండోసారీ పడలేదు. అతని వేళ్లు కుదురుగా నిలిస్తేగా. ఒక కొస ఆమె పళ్లతో పట్టుకుని రెండోది కుడిచేత్తో లాగి తనే ముడేసుకుంది.

తర్వాత ఆమె మొదట చేసింది పంఖా ఊడదీయడం. డబ్బా మీద చీమంత స్క్రూలు రెండున్నాయి. మగ్గం మోటారు స్టార్టర్లో కూడా ఇలాంటి స్క్రూ ఉంటుంది, ఎంత కరెంటు దాటితే ఆగిపోవాలో దాన్ని తిప్పే నిర్ణయిస్తారు. ఇది కూడా అలాంటిదే అనుకుని గంటసేపు అటూ ఇటూ తిప్పింది. పుల్ల కిందుంటే మోటారు తిరగడం మాత్రం ఆగలేదు. విసుగొచ్చి పుల్లను పైకి తోసింది. మోటారు ఆగిపోయింది.

"ఇది ఉల్టా ఉన్నదే," అంది తనలో తను.

తప్పు డబ్బాలో లేదు, రేడియో పెట్టెలో ఉంది. పాత స్విచ్‌కు అనుకూలంగా నటుభాయ్ ఎప్పుడో పుల్ల దిక్కును తిరగేసి పెట్టుకున్నాడు. పెట్టె కింది అంచున చిన్న మీటలు వరసగా ఉన్నాయి. ఒక్కోటి జరిపి చూసి సరైనది పట్టుకుంది. ఇక స్క్రూలు మాట విన్నాయి. పుల్ల కిందికి వస్తే మోటారు నిలవాలి, అందుకు మొదటి స్క్రూ. నిలిచాక ఇంకొంచెం తిప్పి వదిలింది, చెయ్యి తగిలి పుల్ల కాస్త కదిలినా మోటారు లేవకూడదని. పుల్ల పైకి చేరినప్పుడు పూర్తి వేగం అందాలి, అందుకు రెండోది. అయిపోయిందని చెప్పేసరికి దశరథం నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. పొయ్యి ముట్టించాలి.

ఆదివారం పొద్దున నటుభాయ్ స్కూటర్ మీద దశరథాన్ని ఎక్కించుకుని తాపీ నది అవతల ఖాళీ మైదానానికి పోయాడు. రెండు గంటల్లో ఇద్దరూ తిరిగొచ్చారు. విమానం ఎగరలేదు. పంఖా బిగించి వేగం పెంచగానే మోటారు తిరుగుతూ ఆగుతూ ఎక్కిళ్లు పెట్టిందట, రెక్కల వెనక అంచున కదిలే పలకలు కూడా వాటంతటవే కొట్టుకున్నాయట.

నటుభాయ్ చేతులు జోడించి హిందీలో అన్నాడు, "జమునాబెన్, పని చేసింది మీరేనని దశరథ్‌భాయ్ అక్కడ చెప్పాడు. ఎందుకిలా అవుతోందని అడిగితే తనకు తెలియదన్నాడు. నాకు ముందే తెలిస్తే మీతోనే మాట్లాడేవాణ్ణి."

జమున మొగుడి వైపు చూసింది. మూడేళ్ల తర్వాత చెప్పాడు, అదీ జవాబు దొరక్క. కోపం తెచ్చుకుందామనుకుంది గాని అంత బలం మిగల్లేదు.

"తేండి ఇటు," అంది.

కారణం ఆమెకు చప్పున తట్టింది. తను పంఖా లేకుండా చూసింది. బరువు పడితే మోటారు లోపల నిప్పురవ్వలు ఎక్కువ లేస్తాయి. దుకాణంలో గ్రైండర్ పెట్టినప్పుడల్లా పాటలొచ్చే రేడియో గరగరమంటుంది గదా, ఇక్కడా అదే గోల. ఆ రవ్వల గోలలో విమానానికి రేడియో పెట్టె మాట వినపడటం లేదు. మూల పడున్న పాత ట్రాన్సిస్టర్‌లోంచి ఆ గోలను మింగేసే పప్పుబద్దంత కెపాసిటర్లు మూడు పీకి, మోటారు రెండు కొసల మధ్య ఒకటి, ఒక్కో కొస నుంచి మోటారు ఒంటికి ఒక్కోటి టంకం వేసింది. కోసుకున్న వేళ్లు వంగక ఒక్కో అతుకు రెండుసార్లు వెయ్యాల్సి వచ్చింది.

"ఈసారి మీరూ రావాలి," అన్నాడు నటుభాయ్.

ఆటోలో పోయారు. మైదానంలో ఎండుగడ్డి, గాలి. జమున విమానాన్ని తోక దగ్గర గట్టిగా పట్టుకుని, "ఇగ పెంచుండి, జర మెల్లగ," అంది. మోటారు సన్నగా మొదలై, ఒక్క ఎక్కిలి లేకుండా పూర్తి వేగానికి చేరింది. రెక్కలు కుదురుగా ఉన్నాయి. ఆమె చేతులు వదిలింది. విమానం గడ్డి మీద కొంచెం దూరం ఉరికి లేచింది.

ముసలాయన చిన్నపిల్లాడిలా అరిచాడు. జమున ఒక చుట్టు చూసింది. తర్వాత గట్టు మీద కూర్చుంది. కూర్చున్న కాసేపటికే ఒరిగి నిద్రపోయింది.

విమానం దిగాక నటుభాయ్ ఆమెకు చెబుదామని వచ్చాడు. "జర పండనీయుండి కాకా," అన్నాడు దశరథం. ఆమె లేచేసరికి నడినెత్తి మీది ఎండ పక్కకు వాలింది. ఇద్దరు మగవాళ్లూ దూరంగా నిలబడి మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో జమున అంది, "ఇగ ఆదివారం దుకాణం తెరువ."

"గిరాకీ పోతదే."

"పోనీ. గిరాకీతోని మాట్లాడేది నువ్వే గదా. బంద్ అని నువ్వే చెప్పు."

దశరథం కట్టు కట్టిన ఆమె వేళ్ల వైపు చూశాడు. "చెప్తలే," అన్నాడు చివరికి.

చెప్పాడు కూడా. మొదటి ఆదివారం మూసిన షట్టర్ ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందరినీ సోమవారం రమ్మన్నాడు. ఎందుకని అడిగినవాళ్లకు, "పని చేసేటామె పండుకున్నది," అన్నాడు. కొందరికి అర్థం కాక మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాడు. రెండు ఫ్యాక్టరీల వాళ్లు వేరే దుకాణం చూసుకున్నారు. జమున మధ్యాహ్నం దాకా పడుకుని లేచింది. అలసట పోలేదు, మెడ నొప్పీ పోలేదు. అయినా ఆ రోజు అన్నం తింటున్నప్పుడు కూర రుచి తెలిసింది.