దర్జీ చేతులు

ఆ దర్జీ నోటితో ఎన్ని అబద్ధాలైనా తడుముకోకుండా ఆడగలడు, చిక్కల్లా చేతులతోనే. నోరు కదిలితే అవి ఊరుకోవు. "రేపిచ్చేస్తానమ్మా" అంటుంటే చెయ్యి వీధి చివరిదాకా చూపిస్తుంది. మొన్నొక నర్సు తన యూనిఫాం కోసం మూడోసారి వచ్చింది. "కుట్టడం అయిపోయిందమ్మా, గుండీలే తరువాయి" అన్నాడు, రెండు వేళ్లను కత్తెరలా ఆడిస్తూ. ఆమె ఆ వేళ్లకేసి చూసింది. "ఇంకా కత్తిరించనే లేదన్నమాట. ఎల్లుండి డ్యూటీలో చేరాలి నేను. నా గుడ్డ ఇచ్చేయండి" అంది. మడత విప్పని గుడ్డ తీసుకుని ఎదురు కొట్టుకి వెళ్లిపోయింది. దర్జీ ముఖం మాడిపోయింది. ఇంటికెళ్లి భార్యతో, "పొగరుబోతు మనిషి. తీరిక లేదు పొమ్మని గుడ్డ మొహాన కొట్టాను" అన్నాడు. అన్నంతసేపూ రెండు చేతులూ జోడించే ఉన్నాయి. ఆవిడ వాటినే చూస్తూ అడిగింది: "చాలాసేపు బతిమాలారా?"