ఒకటో అంతస్తులో మిగిలిన మూత

2011లో నేను మణికొండలోని ఒక అపార్టుమెంటులో టెక్నీషియన్‌గా ఉన్నాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. హోదా పేరు పెద్దదే గానీ, పనంతా నిచ్చెన ఎక్కడం, దిగడం. నలభై ఎనిమిది ఇళ్ళు. ప్రతి ఇంటి హాల్లో పైకప్పుకు గిన్నె బోర్లించినట్టు ఒక పొగ అలారం. లోపలికి పొగ పోతే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. నెలకోసారి దాని కింద అగరొత్తి పట్టి చూడాలి, దుమ్ము తుడవాలి, ఏడాదికోసారి బ్యాటరీ మార్చాలి. ఏ ఇంట్లో ఎప్పుడు మార్చానో నాకు నోటికి వచ్చు. రిజిస్టరు ఉండేది గానీ నేను తెరిచేవాణ్ణి కాదు. "వీని తలకాయే రిజిస్టర్" అని మా సెక్రటరీ నలుగురిలో అనేవాడు. నాకది గొప్పగా ఉండేది.

ఒకటో అంతస్తులో, రోడ్డు వైపు ఇంట్లో సువర్ణగారు ఉండేవారు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. దవాఖానలో నర్సు. తల్లి రత్నమ్మగారు తుంటి విరిగి, నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని బాత్రూం దాకా నడిచేది. అలారం బిగించిన రోజే సువర్ణగారు నాతో అన్నారు: "మల్లేశంగారూ, నేను డ్యూటీకెళ్తే అమ్మ ఒక్కతే ఉంటుందండి. తాళంచెవి ఎదురింటి యాదమ్మగారి దగ్గర పెట్టాను. ఇది మోగితేనే ఆవిడ వస్తుంది. మోగకపోతే అమ్మకి దిక్కు లేదండి."

ఆ సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. కరెంటు ఎప్పుడు పోయేదో, ఎప్పుడు వచ్చేదో తెలిసేది కాదు. మా గేటు ముందే టైర్లు కాల్చేవారు. పని అయ్యాక నేనూ పోయి వాళ్ళతో కూర్చునేవాణ్ణి. "రాష్ట్రం వచ్చాక మమ్మల్ని పంపించేస్తారేంటండీ?" అని సువర్ణగారు అడిగేవారు. "మిమ్మల్ని పంపిస్తే గోంగూర పచ్చడి మాకెవరు పెడ్తరమ్మా, జర ఆలోచించుండ్రి" అనేవాణ్ణి. "పచ్చడి పెట్టవే, జాడీ మాత్రం తిరిగి తెమ్మను" అని లోపల మంచం మీద నుంచి రత్నమ్మగారు అనేది.

టైర్ల పొగకు రోడ్డు వైపు ఇళ్ళలో అలారాలు ఊరికే మోగసాగాయి. యాదమ్మ రెండుసార్లు తాళంచెవి పట్టుకుని ఉత్తపుణ్యానికి పరుగెత్తింది. పెయింటు వేసేటప్పుడు దుమ్ము పోకుండా అలారానికి పెట్టే తెల్ల ప్లాస్టిక్ మూతలు నా దగ్గరున్నాయి. పదకొండు ఇళ్ళలో పెట్టాను. మూత ఉన్నంతసేపు అలారానికి పొగ తెలియదు. అందుకే టైర్లు ఆరగానే తీసెయ్యాలి. ఇదీ రిజిస్టరులో రాయలేదు.

మూడో రోజు రోడ్డు సద్దుమణిగింది. పది ఇళ్ళలో తీశాను. సువర్ణగారు డ్యూటీలో ఉన్నారు. యాదమ్మ వంటావార్పుకని, అంటే రోడ్డు మీదే వండుకు తినే నిరసనకు, పోయింది. "లేవలేనయ్యా, సాయంత్రం రా" అంది లోపల నుంచి రత్నమ్మగారు. సరే అన్నాను. బస్సుల్లేక నార్సింగిలోని మా ఇంటిదాకా నడవాలని సాయంత్రం తొందరగా బయలుదేరాను. మర్నాడు లిఫ్టు ఆగితే దాని వెంట పడ్డాను. ఆ తర్వాత నా తలలో పదకొండూ తీసినట్టే ఉండిపోయింది.

సువర్ణగారు ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేముందు, నేను నేర్పినట్టే, చీపురు కర్రతో అలారం బటన్ నొక్కేవారు. మూత మీద నుంచి నొక్కినా మోగేది. బ్యాటరీ, గంట బాగున్నాయని మాత్రమే ఆ బటన్ చెబుతుంది. పొగ లోపలికి పోతుందో లేదో చెప్పదు. ఆ తేడా నేను ఆమెకు నేర్పలేదు.

పది రోజుల తర్వాత, ఒక పొద్దున ఆమె యూనిఫాం ఇస్త్రీ చేస్తుండగా కరెంటు పోయింది. ఆటో వెళ్ళిపోతుందని, పెట్టెను దుప్పటి మీదే వదిలి, స్విచ్చి ఆపకుండా పరుగెత్తారు. పదకొండింటికి కరెంటు వచ్చింది. యాదమ్మ కిటికీలో పొగ చూసి తలుపు తీసేసరికి హాలంతా నల్లగా ఉంది. రత్నమ్మగారు స్టాండుతో సహా గడప దగ్గర పడి ఉంది. ఒంటి మీద కాలిన గాయం ఒక్కటీ లేదు. పొగకే పోయింది.

నిచ్చెన వేసుకుని నేనే ఎక్కాను. మూత మసిబారి ఉంది. దాని కింద అలారం కొత్తదానిలా తెల్లగా ఉంది.

సమాధి చేసిన మూడో రోజు సువర్ణగారు పిలిచారు. మూత బల్ల మీద ఉంది.

"పది ఇళ్ళల్లో తీశారంట. మా ఇంట్లోనే ఎందుకు తియ్యలేదండి? మేం ఆంధ్రావాళ్ళమనా?"

"కాదమ్మా. యాది మర్చిన."

"మీరు మర్చిపోతారా? మీ తలకాయే రిజిస్టరు కదండీ." ఆ వెంటనే, "స్విచ్చి నేను ఆపలేదు. అది నాకు తెలుసు. మీ సంగతే నాకు తెలియాలి" అన్నారు.

మర్చిపోయానని మళ్ళీ చెప్పాను. ఆ నెలాఖరుకు ఆమె ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పనిచేసిన ఏళ్ళన్నీ, మూత పెట్టిన ఇంటి నంబరు, పెట్టిన గంట, తీసిన గంట రాసి, ఇంటివాళ్ళ సంతకం తీసుకున్నాను. ఒక్క ఇల్లు మిగిలినా గేటు దాటలేదు. రాయడం మతిమరుపు వాళ్ళకే అనుకునేవాణ్ణి. ఆ రోజు రాసి ఉంటే మావాళ్ళ ఇళ్ళు, వాళ్ళ ఇల్లు ఒకే వరుసలో కనిపించేవి. చివరి గడిలో "సాయంత్రం రావాలి" అని ఉండేది. రత్నమ్మగారు బతికి ఉండేది. ఒకవేళ నేను అప్పటికీ తప్పినా, సువర్ణగారు అడిగినదానికి ఆ పేజీ జవాబు చెప్పేది. నా మాట నమ్మమని అడిగే అర్హత అప్పటికే నాకు లేదు.